ఆటపెట్టెకు ఏ పూత మంచిది?

వేసవి సెలవుల్లో ఒక రాత్రి, ఆసుపత్రి తలుపులు మూసే వేళకు, తొమ్మిదేళ్ల పాపను భుజాన వేసుకుని ఒక తండ్రి వచ్చాడు. వెనకే తల్లి, ఆమె వెనక పద్దెనిమిదేళ్ల కొడుకు. పాపకు ఆయాసం తన్నుకొస్తోంది. ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీలో పిల్లికూతలు. అడిగినదానికి ఒక్కొక్క మాటే జవాబు చెబుతోంది. రెండో మాటకు గాలి చాలడం లేదు.

ముందు చెయ్యవలసిన వైద్యం చేశాం. అరగంటకు పాప కుదుటపడింది. అప్పుడు తల్లి నోరు విప్పింది.

"మధ్యాహ్నం ఐస్‌క్రీము వద్దంటే వినలేదు డాక్టరుగారూ. దానివల్లే ఇదంతా."

పాపం ఐస్‌క్రీము! మన ఇళ్లల్లో ఉబ్బసం ఎప్పుడు తిరగబెట్టినా నింద దాని మీదకే పోతుంది. కాని నా చూపు ఆ కుర్రవాడి చేతుల మీద పడింది. గోళ్ల చుట్టూ నల్లరంగు. దగ్గరకు వస్తే థిన్నరు వాసన గుప్పుమంటోంది.

"ఇంట్లో రంగుల పని ఏమన్నా జరుగుతోందా?" అని అడిగాను.

"మావాడు వీడియో గేమ్ పెట్టె చేస్తున్నాడండి. చెక్కపని అయింది. మూడు రోజుల నుంచి స్ప్రే కొడుతున్నాడు," అన్నాడు తండ్రి.

"ఎక్కడ?"

"హాల్లోనే సార్," అన్నాడు కుర్రవాడు. "దుమ్ము పడితే మెరుపు పోతుందని కిటికీలు మూసి ఏసీ వేశాను. చెల్లి గది తలుపు కూడా వేశాను. నేను మాస్కు పెట్టుకున్నాను సార్. ఎన్-95."

తెలివైన పిల్లవాడు. పనిమంతుడు. తనకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. అయినా ఒక్కటీ పనికిరాలేదు. ఎందుకు పనికిరాలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ఏమిటీ ఆటపెట్టె?

బజారులో వీడియో గేమ్ పార్లర్లు చూసినవారికి దీని రూపం గుర్తుండే ఉంటుంది. నిలువెత్తు చెక్కపెట్టె, ఎదురుగా తెర, నడుము ఎత్తున కర్రపిడి, బొత్తాలు. 1972లో అమెరికాలో పాంగ్, 1978లో జపానులో స్పేస్ ఇన్‌వేడర్స్, 1980లో పాక్‌మాన్ ఇలాంటి పెట్టెల్లోనే పుట్టాయి. ఇప్పుడు అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు బోర్డుతో ఆ ఆటలన్నీ ఇంట్లోనే ఆడుకోవచ్చు. పెట్టె మాత్రం ఎవరికి వారు చేసుకోవాలి. ప్లైవుడ్డో, ఎం.డి.ఎఫ్. బోర్డో తెచ్చి కోసి, బిగించి, చివరకు పైపూత వేస్తారు.

పిల్లలు గంటల తరబడి సెల్‌ఫోనులో తల దూర్చడం కంటే రంపం, సుత్తి పట్టుకుని ఒక వస్తువు తయారు చెయ్యడం మంచిదే. తల్లిదండ్రులు అడ్డు చెప్పనక్కరలేదు. అయితే చెక్క కోసేటప్పుడు వేలు తెగుతుందేమోనని భయపడే పెద్దలు, రంగు వేసేటప్పుడు మాత్రం నిశ్చింతగా ఉంటారు. నిజానికి ఆరోగ్యం విషయంలో మెలకువగా ఉండవలసిన ఘట్టం అదే.

పిల్లవాడు పూతను ఎంచుకునేటప్పుడు మెరుపు చూస్తాడు, ధర చూస్తాడు. ఇంటి పెద్దలు మరొకటి చూడాలి. ఆ పూత ఎక్కడ ఆరుతుంది? ఆరేదాకా ఆ గాలి పీల్చేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే ఏ పూత కొనాలో సగం తేలిపోయినట్టే.

గాలిలో కలిసేది ఏమిటి?

డబ్బాలో రంగు జారుగా ఉండటానికి అందులో ద్రావకాలు కలుపుతారు. థిన్నరులో టొలీన్, జైలీన్ వంటివి ఉంటాయి. పూత ఆరడమంటే ఈ ద్రావకాలు గాలిలోకి లేచిపోవడమే. కిటికీలు మూసి ఉంటే అవి ఎక్కడికీ పోవు. ఇళ్లలో వాడే మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందే గాని, బయటి గాలిని లోపలికి తేదు. కనుక ఏసీ వేసుకుని రంగు కొట్టడమంటే ఆ ఆవిరినే మళ్లీ మళ్లీ పీల్చడం. తలుపు వేసినా కింది సందులోంచి పక్క గదిలోకి పోతుంది.

ఆరోగ్యవంతులకు దీనివల్ల తలనొప్పి, కళ్లమంట, వికారం, తల తిరగడం కలుగుతాయి. ఉబ్బసం ఉన్నవారికి శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి. పసిపిల్లలు, గర్భవతులు అసలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇక మాస్కు సంగతి. ఎన్-95 మాస్కు దుమ్మునూ, తుంపరనూ ఆపుతుంది. ఆవిరిని ఆపలేదు. చేతిరుమాలు, తడిగుడ్డ అంతకంటే నిష్ఫలం. ఆవిరికి కావలసింది ఉత్తేజిత బొగ్గు నింపిన డబ్బీలు అమర్చిన రబ్బరు మాస్కు. అది కూడా ముఖానికి బిగువుగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. పైగా అది తొడుక్కున్నవాడినే కాపాడుతుంది, పక్కగదిలోని చెల్లెలిని కాపాడదు.

పూతకంటే ముందు చెక్క

పూత గురించి మాట్లాడేముందు దాని అడుగున ఉన్న బోర్డు మాట చెప్పుకోవాలి. ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డు, ప్లైవుడ్డు అన్నీ జిగురుతో అతికినవే. ఆ జిగురు చాలావరకు ఫార్మాల్డిహైడ్ కలిసిన రకం. కొత్త బీరువా తలుపు తీయగానే ముక్కు చురచురలాడుతుందే, ఆ ఘాటు దీనిదే. 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. చెక్కపొడి 1995లోనే ఆ జాబితాకెక్కింది. ఇవి ఏళ్ల తరబడి ఆ గాలిలోనే పనిచేసేవారి విషయంలో తేలిన సంగతులు. ఒక్క పెట్టె చేసినంత మాత్రాన బెంబేలు పడనక్కరలేదు. కాని కళ్లకూ, గొంతుకూ చికాకు కలిగించడానికి ఒక్క పెట్టె చాలు.

ఈ వాయువు వేడికీ, తేమకూ ఎక్కువగా వెలువడుతుంది. ఆటపెట్టె లోపల తెర, కంప్యూటరు వేడెక్కుతూ ఉంటాయి. బోర్డు కోసిన అంచుల నుంచి అది మరింతగా వస్తుంది. మనవాళ్లు పైభాగం అద్దంలా మెరిపించి, కనపడదు కదా అని లోపలి వైపు, వెనక వైపు, అడుగు అంచులు పచ్చిగా వదిలేస్తారు. ఇది పొరపాటు. కనపడే చోట పూత అందానికి. కనపడని చోట పూత ఆరోగ్యానికి. లోపలా, అంచులా ఒక పూతైనా వెయ్యాలి. వేడి పోవడానికి వెనక గాలిరంధ్రాలు ఉంచాలి. బోర్డు కొనేటప్పుడు దాని మీద ఈ-0 గాని ఈ-1 గాని ముద్ర ఉందేమో చూడండి. ఫార్మాల్డిహైడ్ తక్కువగా వెలువడే రకానికి అది గుర్తు.

ఏ పూతకు ఏ గుణం?

సన్‌మైకా: లామినేటు షీటును మన వడ్రంగులు ఏ కంపెనీదైనా సన్‌మైకా అనే అంటారు. రెసిన్‌లో నానబెట్టిన కాగితం పొరలను వేడితో, ఒత్తిడితో అదిమి చేసిన రేకు ఇది. సాధారణంగా 0.8 లేక 1 మిల్లీమీటరు మందం. ఆరవలసింది, గట్టిపడవలసింది ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. మన ఇంట్లో ఆరేది జిగురు ఒక్కటే. అందుకని నా ఓటు దీనికే. చెమట చేతులు ఆనినా పాడవదు, సబ్బునీటి గుడ్డతో తుడుచుకోవచ్చు. బోర్డుకు రెండు వైపులా అతికితే వంకర పోదు, లోపలి వాయువు కూడా బాగా తగ్గుతుంది.

అయితే అతికే జిగురు ముఖ్యం. నీటితో కలిసే తెల్లజిగురు వాడాలి. దానిపై బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. అంత ఓపిక లేనివారు, మూత తీయగానే తల దిమ్మెక్కించే రబ్బరు జిగురు వాడతారు. క్షణంలో పట్టేస్తుంది నిజమే. కాని అది కూడా ద్రావకాలతో చేసిందే. 1960లలో జపానులో ఇళ్లలో కూర్చుని చెప్పులు అతికే పనివారికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, కండరాలు బలహీనపడ్డాయి. జిగురులోని హెక్సేన్ అనే ద్రావకం వారి నరాలను దెబ్బతీసిందని తేలింది. రబ్బరు జిగురు తప్పనిసరి అయితే ఆరుబయట వాడండి.

నీటి ఎనామిల్: థిన్నరు బదులు నీళ్లు కలిపే రంగు ఇది. వాసన తక్కువ, నిప్పు భయం లేదు, బ్రష్షు నీళ్లతో కడుక్కోవచ్చు. ఇంట్లో వేసే రంగుల్లో ఇదే మేలు. దీనికీ రెండు లోపాలున్నాయి. ఎం.డి.ఎఫ్. అంచులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, కనుక ముందు అంచులకు లప్పం పెట్టి, ప్రైమరు పట్టించాలి. రెండోది, ముట్టుకుంటే అంటదు గాని లోపల గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా ఆడితే అరచేతులు ఆనే చోట జిడ్డుగా అంటుకుంటుంది. నీటిరంగు అన్నంత మాత్రాన కిటికీలు మూయవచ్చని కాదు. చెడిపోకుండా అందులో కలిపే మందులు కొందరి చర్మానికి పడవు. చేతితొడుగులు వేసుకోవాలి.

నూనె ఎనామిల్: ఇనుప గేట్లకు, తలుపులకు మనం ఎరిగిన రంగే. గట్టి పూత. కాని టర్పెంటైను వాసన, ఆరేటప్పుడు దాని సొంత వాసన కొన్ని రోజులు ఉంటాయి. వానాకాలంలో ఇంకా ఆలస్యం. డాబా మీదో, పెరట్లోనో వేసి, వారం పదిరోజులు అక్కడే ఉంచగలిగితే సరే. ఒకే గదిలో కాపురముండేవారికి పనికిరాదు.

లక్క పాలిష్: ప్లైవుడ్డు మీది కొయ్యచారలు కనపడాలని కోరుకునేవారికి ఇది పాత పద్ధతి. లక్కపురుగు ఇచ్చే పదార్థాన్ని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దుతారు. మన ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా లక్కదే. అయితే అక్కడ తిరిగే కొయ్యకు లక్కను ఒరిపిడి వేడితోనే పట్టిస్తారు, స్పిరిట్ అక్కరలేదు. ఆరిన లక్క నిరపాయమైనదే. కాని పాలిష్‌కు వాడే స్పిరిట్‌లో మిథైల్ ఆల్కహాలు కలిసి ఉంటుంది, కడుపులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు. పైగా చేతికి శానిటైజరు రాసుకుని ఆటకు కూర్చుంటే లక్క కరిగి మరకలు పడుతుంది. పక్కపలకలకు బాగుంటుంది, చేతులు ఆనే పలకకు కాదు.

ఎన్.సి. లక్కరు, డ్యూకో, మెలమైన్ పాలిష్: అంగడి పెట్టెల మెరుపు వీటితో వస్తుంది. నా దగ్గరకు వచ్చిన కుర్రవాడు వాడినది డ్యూకో. వీటన్నిటికీ థిన్నరు మెండుగా కావాలి. మెలమైన్ పాలిష్ గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ కూడా వదులుతుంది. వీటిని ఇంట్లో కొట్టకూడదు. అంత మోజు ఉంటే పలకలు విప్పి పాలిష్ షాపుకు పంపి, వాసన పోయాక తెచ్చుకోండి.

రెండు డబ్బాల పి.యు. పాలిష్: ఒక డబ్బాలో రంగు, రెండో దానిలో గట్టిపరిచే ద్రవం. ఈ రెండో దానిలో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే కొట్టినప్పుడు వీటి తుంపర పీల్చితే, ఎన్నడూ ఉబ్బసం ఎరుగనివారికి కూడా కొత్తగా ఉబ్బసం పుట్టవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే, ఆ తర్వాత రవంత సోకినా ఆయాసం వస్తుంది. వాసనను బట్టి ప్రమాదం కనిపెట్టడం కూడా కుదరదు. వర్క్‌షాపుల్లో దీనికి బయటి గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కులు వాడాలి. ఇంట్లో ఎవరూ, ఎంత చౌకగా దొరికినా, దీని జోలికి పోరాదు.

అటక మీది పాత డబ్బా

"ఎప్పుడో గేటుకు వేయగా మిగిలిన డబ్బా ఉంది కదా, దాంతో కానిద్దాం," అనే పొదుపు మన ఇళ్లల్లో సహజం. ఇక్కడ మాత్రం వద్దు. పాతరంగుల్లో సీసం ఉండవచ్చు. అమెరికా ఇంటిరంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించింది. మన దేశంలో 2016 నవంబరులో ప్రకటించిన నియమాల ప్రకారం ఇంటి రంగుల్లో, అలంకరణ రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదు. తయారీదారులకు ఏడాది గడువు ఇచ్చారు. కనుక అంతకు ముందరి డబ్బాను నమ్మలేం. వాహనాలకు, యంత్రాలకు వాడే పారిశ్రామిక రంగులు ఆ నియమం కిందికి రావు. పిల్లల వస్తువుకు వాటిని వాడకండి.

సీసం నొప్పి పెట్టదు, జ్వరం తేదు. నెమ్మదిగా పిల్లల తెలివితేటలనూ, చదువునూ, రక్తాన్నీ తింటుంది. కడుపులోకి పోయిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత తలుపో, పాత బీరువా చెక్కో వాడేటట్లయితే దాని మీది రంగును పొడిగా గీకకండి. వాటర్ పేపరుతో తడిపి రుద్ది, ఆ మడ్డిని తడిగుడ్డతో ఎత్తి పారేయండి. చీపురుతో ఊడవకండి. అనుమానం ఉంటే ఆ చెక్కనే వదిలెయ్యడం మంచిది.

పని చేసేటప్పుడు

కోత, గీకుడు పనులు ఆరుబయట పెట్టుకోండి. ఎన్-95 మాస్కు సరిగ్గా పనికొచ్చేది ఈ దుమ్ముకే. పని అయ్యాక ఆ బట్టలతో పసిపిల్లలను ఎత్తుకోకండి.

థిన్నరు ఆవిరి గాలికంటే బరువు. నేల మీద పాకుతూ పోతుంది. పక్కగదిలో పూజాదీపం ఉన్నా, వంటింట్లో గ్యాస్ పొయ్యి వెలుగుతున్నా మంట వెనక్కి పాకి రావచ్చు. అవిసెనూనె పాలిష్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడదీసి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన ఇనుపడబ్బాలో వెయ్యండి.

అన్నిటికంటే ముఖ్యం: మిగిలిన థిన్నరును కూల్‌డ్రింకు సీసాలో గాని, మంచినీళ్ల సీసాలో గాని పొయ్యకండి. దాహంతో వచ్చిన పిల్లవాడు ఎత్తి తాగేస్తాడు. దాని డబ్బాలోనే, మూత బిగించి, తాళం ఉన్నచోట ఉంచండి.

పూతలో కూడా చిన్న మెళకువ ఉంది. తెర చుట్టూ ఉండే భాగానికి మెరుపు లేని నల్లరంగు వెయ్యండి. మెరిసే పూతలో ట్యూబులైటు ప్రతిబింబించి కళ్లు అలసిపోతాయి. మణికట్టు ఆనే అంచును గుండ్రంగా అరగదీసి గాని, రబ్బరు పట్టీ వేసి గాని ఉంచండి.

ఆపద వస్తే

ఆవిరికి తల తిరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆరుబయటి గాలిలోకి తీసుకురండి. ఉబ్బసం ఉన్నవారికి డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు వాడండి. తగ్గకపోయినా, మగతగా ఉన్నా, మాట తడబడినా 108కి ఫోను చెయ్యండి.

థిన్నరు తాగితే వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్లు పట్టవద్దు, గొంతులో వేలు పెట్టవద్దు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే తాగినదానికంటే పెద్ద ప్రమాదం. డబ్బా చేతపట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

కంట్లో పడితే కుళాయి ధార కింద పావుగంట తగ్గకుండా కడగండి, తర్వాత కంటి డాక్టరుకు చూపించండి. చేతికి అంటిన నూనెరంగును థిన్నరుతో కడగకండి. చర్మం పగిలి దద్దుర్లు వస్తాయి. కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కుంటే పోతుంది.

ఆ పాప మాట చెప్పి ముగిస్తాను. నాలుగు రోజులు ఆమెను అమ్మమ్మగారింటికి పంపించారు. కుర్రవాడు సగం రంగేసిన పలకలు విప్పి డాబా మీద షెడ్డులోకి చేర్చాడు. డ్యూకో పూర్తిగా ఆరి వాసన పోయేదాకా కొన్ని వారాలు ఆగాడు. ఆ తర్వాత నీటి పేపరుతో గరుకు చేసి, పైన సన్‌మైకా అతికించాడు. లోపలి వైపు రెండు పూతలు నీటి ఎనామిల్ వేశాడు. నెల తర్వాత పాపను చూపించడానికి తల్లి తీసుకువచ్చింది. ఛాతీ శుభ్రంగా ఉంది.

"ఆట ఎలా ఉందమ్మా?" అని అడిగాను.

"అన్నయ్యను రెండుసార్లు ఓడించాను డాక్టర్ అంకుల్," అంది పాప, ఒక్క ఊపిరిలో.